ముందు ఏం గీస్తవో చెప్పు

పోయిన నెలలో మా ఆఫీసులో పనిచేసే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. సెలవుల్లో ఏదైనా డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలట. ఏది మంచిదో నన్నడిగి తెలుసుకుందామని వచ్చారు. ఈ రంగంలో ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని, నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. ఆటోక్యాడ్‌తో మొదలుపెట్టమనో, కార్ల కంపెనీల వైపు వెళ్లాలనుంటే క్యాటియా నేర్చుకోమనో, యంత్రభాగాలకైతే సాలిడ్‌వర్క్స్ చాలనో చెప్పొచ్చు. చెబుదామనే నోరు తెరిచాను.

"ముందు నువ్వేం గీస్తావో చెప్పు," అన్నాను.

ఆ పిల్ల తెల్లమొహం వేసింది. వాళ్ల నాన్న మాత్రం ఎంత గొప్పగా చెప్పారండీ అన్నట్టు తల ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నాది కాదు, కాలేజీలో నాతో చదివిన ఆమెది. నా ఇంట్లో, నా సోఫా మీద, నా నోటితోనే మాట్లాడి మెప్పు ఆమె కొట్టేసింది.

పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు ఆమెకి చూపిస్తారు, ఆమె చదివి నవ్వుతుంది. ఆ నవ్వులో కోపం ఉండదు. అదే నాకు కష్టం.

కాలేజీలో మా మెకానికల్ సెక్షన్‌లో అమ్మాయిలం ఇద్దరమే. మాది సైదాబాద్. నాన్న గుంటూరు వైపు నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది ఇక్కడే అయినా మా ఇంట్లో మాట మాత్రం ఆ వైపుదే. ఆమెది ఉప్పుగూడ, రైల్వే స్టేషన్ వెనక వీధి. వాళ్ల నాన్న బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. ఇద్దరం ఐ.ఎస్. సదన్ దగ్గర కాలేజీ బస్సు ఎక్కేవాళ్లం. అమ్మాయిలం ఇద్దరమే కాబట్టి పక్కపక్కన కూర్చోవడం తప్పలేదు. అలా మొదలైంది మా స్నేహం. స్నేహమనే అంటున్నాను. దానికి వేరే మాట నాకు దొరకలేదు.

ఆమెకొక అలవాటుండేది. చేతికి ఏ వస్తువు దొరికినా ముందు బోర్లించి అడుగు చూసేది. క్యాంటీన్‌లో టీ తాగడం అయ్యీ అవగానే గ్లాసు తిరగేసేది. మిగిలిన చుక్కలు ఆమె నోట్సు మీదే పడేవి. ల్యాబ్‌లో స్టూలు, లైబ్రరీలో ఫ్యాను రెగ్యులేటరు మూత, సిటీ బస్సు కండక్టర్ చేతిలోని టికెట్ల పెట్టె, ఏదీ ఆమెకి సరిగ్గా నిలబడి ఉంటే నచ్చేది కాదు. మొదటిరోజు బస్సులో నా టిఫిన్ డబ్బా తీసుకుని తలకిందులు చేసింది. లోపల పులిహోర మొత్తం మూతకి కరుచుకుంది.

"గిది ఒక్క రేకునే గుంజి చేసిన్రు. యాడ అతుకు లేదు. మంచి డబ్బా," అని తిరిగి నా ఒళ్లో పెట్టింది.

నా పులిహోర సంగతి ఆమెకి తెలియనే లేదు. నేను చెప్పాలనుకున్నాను. అప్పటికే నిద్రపోయింది.

ఆ నిద్ర గురించి కూడా చెప్పాలి. చంపాపేట దాటకముందే ఆమె నిద్రలోకి జారుకునేది. పరీక్షల రోజుల్లో కూడా అంతే. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని సూత్రాలు వల్లెవేస్తుంటే, ఆమె నా భుజం మీద తల వాల్చి చంటిపిల్లలా నోరు తెరుచుకుని పడుకునేది. నేను కదిలితే లేస్తుందని కదలకుండా చదివేదాన్ని. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. అయినా ఆ నిద్ర నాకు లేదు కదా అని లోపల రగిలేది.

డ్రాయింగు క్లాసులోనూ ఇదే కథ. నా షీటు అద్దంలా ఉండేది. గీత మీద గీత పడేది కాదు. మా సారు నా బల్ల దగ్గరికి వచ్చి, టిక్కు పెట్టి, "గుడ్" అని ముందుకి పోయేవారు. ఆమె షీటు నిండా రబ్బరు మరకలు, వేలిముద్రలు. సారు అక్కడ ఆగిపోయేవారు. "ఇదేంటమ్మా ఇలా గీశావ్?" అని అడిగేవారు. ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. "ఆగుండ్రి సార్, సోంచాయించి చెప్త," అని కన్ను ఒకటి మూసి షీటు వంక చూసేది. ఆయన ఆగేవారు. ఆలోచించి చెబుతానన్న విద్యార్థి కోసం ఒక లెక్చరర్ నిలబడి ఎదురుచూడటం నేను అంతకుముందు చూడలేదు. నా దగ్గర జవాబులన్నీ ముందే ఉండేవి కాబట్టి నా కోసం ఎవరూ ఎదురుచూడాల్సిన అవసరం రాలేదు.

మూడో ఏడు చివరికొచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగితే చాలు, కోచింగ్ సెంటర్ల వాళ్లు కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లు. నేను కనిపించిన ప్రతి సీనియర్‌నీ అడిగాను. ఒకడు ఆటోక్యాడ్ లేనిదే పునాది లేదన్నాడు. ఇంకొకడు అది పాతబడిపోయింది, సాలిడ్‌వర్క్స్ నేర్చుకోమన్నాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన ఒక అక్క క్యాటియా తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని ఫోన్‌లో చెప్పింది. ఎవరితో మాట్లాడితే ఆ పూటకి వాళ్ల మాటే నా నిర్ణయం.

సాయంత్రం నాన్న పేపరు చదువుతూ అడిగేవారు. "ఏమ్మా, ఏం తేల్చావు?"

"సాలిడ్‌వర్క్స్ అనుకుంటున్నాను నాన్నా."

"నిన్న ఇంకేదో అన్నావుగా," అని కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయేవారు. నాన్న కోప్పడే మనిషి కాదు. మాట్లాడే మనిషీ కాదు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక పేపరు అడ్డం ఉండేది.

ఒకరోజు బస్సులో ఆమె మెలకువగా ఉండగా పట్టుకుని అడిగాను. "నువ్వేది నేర్చుకుంటున్నావు?"

"తెల్వది."

"అందరూ చేరిపోతున్నారు."

"చేరనియ్యి. నువ్వేం గీస్తవ్?"

"నేను గీసేదేముంది. ఉద్యోగంలో ఏది గీయమంటే అది."

ఆమె నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. "గట్లెట్లనే? ముందు ఏం గీస్తవో చెప్పు. కూరొండుతవో రొట్టె కాలుస్తవో ఎర్కలేకుంట పొయ్యి మీద ఏం పెడ్తవ్?"

జవాబు తోచని ప్రశ్న ఆమె అడగడం నాకు నచ్చలేదు. "మరి నువ్వేం గీస్తావు?" అన్నాను కాస్త పుల్లవిరుపుగా.

"గదే నాకు గూడ ఎర్కలేదు," అని నవ్వి, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

నాకు ప్రాజెక్టు పని కోసం నాన్న ఒక కంప్యూటర్ కొనిచ్చారు. ఆమెకి లేదు. అందుకని ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు హాల్లో పుస్తకాల బీరువా మీద నాన్న పెట్టుకున్న ఇత్తడి చెంబు కనిపించింది. నాన్న తన ఊరి నుంచి తెచ్చుకున్నది అది. ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లం కాదు. ఆమె సరాసరి వెళ్లి తీసి బోర్లించింది.

"అంకుల్, గిది సాగ్గొట్టి చేసిన్రా, పోతపోసిన్రా?"

నాన్న పేపరు పక్కన పెట్టారు. అంత తేలిగ్గా పక్కన పెట్టొచ్చని నాకు తెలియదు. లేచి ఆమె దగ్గరికి వెళ్లి, చెంబు చేతిలోకి తీసుకుని, "సాగ్గొట్టినదే. ఇదిగో, ఇక్కడ వేలుతో తడిమి చూడు, సుత్తి దెబ్బలు తెలుస్తాయి," అన్నారు. ఆ తరువాత తన ఊళ్లో కంచరివాళ్ల వీధి గురించి చెప్పడం మొదలుపెట్టారు. బడి ఎగ్గొట్టి అక్కడ కూర్చునేవారట. ఆ చప్పుడులో తప్ప తనకి పాఠం బుర్రకెక్కేది కాదట. ఒకాయన తన చేతికి సుత్తి ఇచ్చి ఒకే ఒక్క దెబ్బ కొట్టనిచ్చాడట. నాన్న నవ్వుతూ చెబుతున్నారు, ఆమె "అవునా అంకుల్, నిజంగనా," అంటూ వింటోంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని వింటున్నాను. ఇరవై ఏళ్లు ఆయన కూతురిగా ఉన్నాను. కంచరి వీధి సంగతి నాకు ఆవేళే తెలిసింది. అది కూడా నాకు చెప్పింది కాదు, నా చెవిన పడింది.

ఆ తరువాత ఆదివారాలు నాన్న, "ఆ అమ్మాయి వస్తుందా ఇవాళ?" అని అడగడం మొదలైంది.

అమ్మ ఏదో పూజ పెట్టుకుని కొత్త గిన్నెలు, నీళ్ల జగ్గులు కావాలంది. నాన్న వెంటనే, "బేగంబజార్ వెళ్దాం. ఆ అమ్మాయిని కూడా రమ్మను, వాళ్ల నాన్న పనిచేసే కొట్టు అక్కడేగా," అన్నారు. ఆటోలో నాన్న ఒక పక్క, ఆమె ఒక పక్క, నేను మధ్యన. దారి పొడుగునా వాళ్లిద్దరి మాటలు నా మొహం ముందు నుంచే అటూ ఇటూ పోయాయి.

ఆమెని బేగంబజార్‌లో చూడాలి. కాలేజీలో నిద్రముఖంతో తిరిగే మనిషి అక్కడ ఒక్కసారిగా నిటారుగా అయిపోయింది. హమాలీలు బరువులెత్తుకుని "బాజూ, బాజూ" అని పక్కకి తప్పుకోమంటూ వస్తుంటే వాళ్ల మధ్య నుంచి చేపలా దూరిపోయేది. తోపుడుబండి వాడితో ఉర్దూలో ఏదో అని నవ్వించింది. నాకు ఉర్దూ అర్థమవుతుందే తప్ప నోరు తిరగదు. నాన్నకి అదీ రాదు, అయినా ఆమె వెనకాలే పిల్లాడిలా ఉత్సాహంగా నడిచారు.

దుకాణంలో జగ్గులు చూపించమంటే వాళ్ల నాన్నే తీసి వరసగా పెట్టాడు. మెరిసిపోతున్నాయి. నేను ఒకటి ఎంచేశాను. ఆమె మాత్రం ఒక బకెట్టు నీళ్లు తెచ్చుకుని మెట్టు మీద గొంతుక్కూర్చుంది. ప్రతి జగ్గులోనూ నీళ్లు నింపడం, వంచి పోయడం, మళ్లీ నిలబెట్టి దాని మూతి కింద వేలు పెట్టి చూడటం. నీళ్లు మెట్లు దిగి బజారులోకి పారుతున్నాయి.

గల్లా దగ్గర కూర్చున్న సేఠ్ మెడ చాచి చూశాడు. "క్యా బేటీ, ఆజ్ పూరీ దుకాన్ ధో డాల్తే క్యా?" అన్నాడు, దుకాణమంతా కడిగేస్తావా ఏంటన్నట్టు.

"ఏ సబ్ రోరై సేఠ్," అంది ఆమె తలెత్తకుండా. ఇవన్నీ ఏడుస్తున్నాయని.

నిజమే. ఏ జగ్గు తీసుకున్నా, నీళ్లు పోయడం ఆపి నిలబెట్టగానే మూతి దగ్గర నుంచి ఒక సన్నటి ధార మెడ మీదుగా కిందికి జారుతోంది. ప్రతి ఇంట్లోనూ జారేదే. అందుకే జగ్గు కింద ఒక గుడ్డ పెట్టుకుంటాం. దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు.

వాళ్ల నాన్న సిగ్గుపడిపోయాడు. "ఇడ్సిపెట్టు బిడ్డా, గిరాకి టైమిది," అన్నాడు. మా నాన్న మాత్రం ప్యాంటు పైకి మడిచి, ఆమె పక్కన తడిమెట్టు మీద గొంతుక్కూర్చుని, "ఏదీ, ఇంకోసారి పోయి," అంటున్నారు. ఆఫీసులో ఫైలు మీద చుక్క సిరా పడితే విసుక్కునే మనిషి.

చివరి జగ్గు కూడా ఏడ్చాక ఆమె లేచింది. కాళ్లు తడిసిపోయి ఉన్నాయి. "అంకుల్, నేనేం గీస్తనో నాకు దొర్కింది. గీ మూతి గీస్త. గిది గీయనీకె ఏ సాఫ్ట్‌వేర్ కావాల్నో గది నేర్చుకుంట."

నెలల తరబడి ఊరంతా అడిగి నేను తేల్చుకోలేనిది ఆమె ఒక దుకాణం మెట్టు మీద తేల్చేసుకుంది. నాన్న ఆమె వంక చూసిన చూపు నాకు బాగా గుర్తు. నేను ఎంచిన జగ్గు నా చేతిలోనే ఉంది. ఎవరూ అడగలేదు.

నేను క్యాటియాలో చేరాను. ఆమెని కూడా చేరమన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. "ఇందులో కూడా అలాంటి వంపులు గీయొచ్చు. పైగా ఉద్యోగం వస్తుంది."

"వస్తది గని, శురూల అన్ని బోల్టులే గీపిస్తరట. నాకంత సబర్ లేదు," అంది, అంత ఓపిక లేదన్నట్టు. వెతికి వెతికి చార్‌కమాన్ దగ్గర ఒక మేడ మీద నగల డిజైన్ నేర్పే చోటు పట్టుకుంది. అక్కడ వాడేది రైనో అనే సాఫ్ట్‌వేర్. మెలికలు, ఆకులు, నెమలిమెడలు గీయడానికి నగలవాళ్లు వాడేది. క్లాసులో అందరూ నవ్వారు. సారు కూడా, "నగలు చేస్తావామ్మా?" అని అడిగారు.

"జగ్గు చేస్త సార్," అంది.

ఒకసారి ఆమెని కలవడానికి ఆ మేడ ఎక్కాను. ఇరుకు గది. కంసాలి కుర్రాళ్లు, బురఖా వేసుకున్న ఇద్దరమ్మాయిలు, మధ్యలో ఆమె. అందరూ ఇంజనీరక్కా అన్నట్టు "ఇంజనీర్ ఆపా" అని పిలుస్తున్నారు. ఒకడు గాజు మీద తీగ చుట్టడం ఎలాగో ఆమెకి చూపిస్తున్నాడు, ఆమె వాడికి ఏదో కొలత సరిచేస్తోంది. తెర మీద ఒక పక్షిముక్కులాంటి వంపు మెల్లగా తిరుగుతోంది. నా కోచింగ్ సెంటర్‌లో నా పక్క సీటువాడి పేరు కూడా నాకు తెలియదు. టీ తాగి వచ్చేశాను.

నాలుగో ఏట, కార్ల విడిభాగాలు డిజైన్ చేసే కంపెనీ ఒకటి మా కాలేజీకి వచ్చింది. ఇంటర్వ్యూకి ఆమె తరువాత నా వంతు. బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. నా ముందు వెళ్లిన మగపిల్లలెవరి ఇంటర్వ్యూలోనూ నవ్వులు వినపడలేదు. చాలాసేపు తలుపు తెరుచుకోలేదు.

ఆమె బయటికి రాగానే, "ఏమడిగారు?" అన్నాను.

"రైనో ఎందుకు నేర్చుకున్నవన్నడు. జగ్గు ముచ్చట చెప్పిన. బొమ్మేసి సూపిచ్చిన. మస్తు నవ్విండు."

"మరి ఉద్యోగం?"

"రాదు. క్యాటియా వస్తదా అన్నడు, రాదన్న. నీకొస్తది చూడు, నువ్వు మంచిగ నేర్చుకున్నవ్. పో, పిలుస్తున్రు."

లోపలికి వెళ్లాను. అడిగినవాటన్నింటికీ సరైన జవాబులు చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆయన ముందున్న కాగితం మీద పెన్సిలుతో గీసిన జగ్గు ఉంది. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేలు ఆ మూతి వంపు మీదే తిరుగుతూ ఉంది.

ఆమె అన్నట్టే ఉద్యోగం నాకు వచ్చింది. ఇంటికెళ్లి చెబితే అమ్మ నా నోట్లో పంచదార పోసింది. నాన్న లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. "చాలా సంతోషం తల్లీ," అన్నారు. ఆ చెయ్యి అక్కడ ఉండగానే అడిగారు. "మరి ఆ అమ్మాయికి?"

"రాలేదు నాన్నా."

"అయ్యో," అన్నారు. చెయ్యి తీసేసి, వరండాలోకి వెళ్లి, అటూ ఇటూ నడుస్తూ ఉండిపోయారు. అమ్మ పాయసం చేసింది. నాన్న రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టారు. నాకు ఉద్యోగం వచ్చిన పూట మా ఇంట్లో ఆమె కోసం విచారం పాటించాం.

నేను మాదాపూర్‌లో ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టాను. ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి ప్రయాణం. కారు సీటు అడుగున ఉండే ఒక పట్టీ గీయడం నా పని. ఆ పట్టీని ఎవరూ ఎప్పటికీ చూడరు. ఆమె ఆ సేఠ్ తమ్ముడికి కాటేదాన్‌లో స్టీలు సామాన్ల ఫ్యాక్టరీ ఉంటే అందులో చేరింది. కొన్నాళ్ల తరువాత ఫోన్ చేసింది. "జగ్గు తయారైంది. నువ్వు రావాలె. నువ్వొచ్చినంకనే నీళ్లు పోద్దామని ఆపిన."

శనివారం వెళ్లాను. రేకుల షెడ్డు, ప్రెస్సుల చప్పుడు, నూనె వాసన. ఆమె రెండు చేతులతో జగ్గు తెచ్చి నాకిచ్చింది. అందంగా ఉంది. చెప్పకుండా ఉండలేను, చాలా అందంగా ఉంది. కొంగ మెడ తిప్పి చూస్తున్నట్టుంది దాని మూతి.

"నువ్వే పోయ్," అంది.

పోశాను. ధార సన్నగా, చిట్లకుండా పడింది. ఆపి నిలబెట్టాను. మూతి కింద నుంచి ఒక నీటిగీత బయల్దేరి, మెడ మీదుగా జారి, నా మణికట్టు దాకా వచ్చింది.

నాలో ఏదో హాయిగా ఊపిరి పీల్చుకుంది. అది ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినట్టు. వెంటనే ఆమె మొహం వంక చూశాను. అక్కడ నాకు కావలసిందేమీ లేదు. ఆమె నా చేతిలోంచి జగ్గు తీసుకుని, ఒక పెట్టె మీద కూర్చుని, దాన్ని బోర్లించి, ఒక కన్ను మూసింది. ప్రెస్సులు మోగుతున్నాయి. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆమెకి నేను లేను, ఫ్యాక్టరీ లేదు, ఓడిపోయానన్న ధ్యాసే లేదు. నా పట్టీ గీతలో తప్పొస్తే నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినను. ఇంత కష్టపడి తప్పు చేసి, ఆ తప్పుతో ఇలా హాయిగా కూర్చోవడం ఎలా వస్తుంది మనిషికి? ఆమె గెలిచి ఉంటే కూడా నేను అంత కుళ్లుకునేదాన్ని కాదు.

కాసేపటికి తలెత్తింది. "నీ క్యాటియాల వంపు యాడ తెగిందో రంగులేసి సూపిస్తదంటివి గద. రేపొస్త. చూస్తవా?"

ఆదివారం మా ఇంటికి వచ్చింది, జగ్గు సంచిలో వేసుకుని. ఆమె గీసిన బొమ్మని నా కంప్యూటర్‌లో తెరిచి, రంగులు వేసి చూశాను. ఎక్కడా తెగలేదు. రంగు ఒక చివర నుంచి ఇంకో చివరికి సాయంకాలపు ఆకాశంలా మారుతూ పోయింది. అంత చక్కటి వంపు నేను నా ఉద్యోగంలో ఒక్కటి గీయలేదు. తప్పు గీతలో లేదు. మరి ఎక్కడుంది?

జగ్గు చేతిలోకి తీసుకుని, తెర మీద బొమ్మనీ దాన్నీ మార్చి మార్చి చూశాను. బొమ్మలో అంచు పలచగా ఉంది. జగ్గులో లావుగా ఉంది.

"అంచు చుట్టేశారేంటి?" అన్నాను.

"అన్నిటికి చుడ్తరు. లేకుంటే చెయ్యి తెగ్తది."

"మూతి దగ్గర కూడా చుట్టారు. అది గుండ్రంగా ఉంది కదా, నీళ్లు దాన్నే పట్టుకుని కిందికి తిరిగిపోతున్నాయి. నువ్వు గీసింది కరెక్టే. కొసకి వచ్చేసరికి నువ్వు గీసింది లేదు."

ఆమె బొటనవేలితో అంచు తడిమింది. ఇంకోసారి తడిమింది. "హౌ," అంది నెమ్మదిగా, అవును అన్నట్టు. తరువాత వరండా వైపు తిరిగి గొంతు పెంచి పిలిచింది. "అంకుల్, ఇటు రార్రి. మీ బిడ్డ తప్పు దొర్కవట్టింది."

నాన్న వచ్చారు. నా కుర్చీ వెనక నిలబడి, వీపు మీద చెయ్యి ఆనించి తెర మీదకి వంగారు. "ఏదీ, నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నారు. చెప్పాను. ఒకటి అడిగారు, చెప్పాను. మరి అంచు చుట్టకపోతే పిల్లల చేతులు తెగవా అని అడిగారు. మూతి కొస ఒక్కటి మాత్రం చుట్టకుండా కిందికి వంచి, అరగదీసి నునుపు చేస్తే చాలన్నాను. తన ఊరి చెంబు అంచు ఎందుకు అలా విప్పారి ఉంటుందో ఇప్పుడు తెలిసిందన్నారు. అన్నీ నన్నే అడిగారు. కంచరి వీధి మాటలు ఈసారి నా వైపు తిరిగాయి. ఆమె మంచం మీద కూర్చుని చప్పుడు చేయకుండా టీ తాగుతోంది.

నేను ఎదురుచూసింది ఈ పూట కోసమే. వచ్చింది. సంతోషంగానే ఉంది. కానీ ఆమె పిలవకపోతే నాన్న వరండాలోంచి లేచి వచ్చేవారు కాదని నాకు తెలుసు. తన దగ్గరున్నది నాకు ఇచ్చేసి, ఇచ్చానన్న సంగతి కూడా గుర్తు లేకుండా బిస్కెట్టు ముంచుకుని తింటున్న ఆ మనిషిని చూస్తే, సంతోషం మధ్యలోనే మళ్లీ చురుక్కుమంది.

తరువాతి జగ్గు ఏడవలేదు. బేగంబజార్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. దాని మీద ఆమె పేరు లేదు, నా పేరూ లేదు. ఆమె కాటేదాన్‌లోనే ఉండిపోయింది. నేను కంపెనీలు మారాను. క్యాటియా కాక ఇంకా చాలా నేర్చుకున్నాను. పండగలకి ఫోన్లు, ఎప్పుడో ఒకసారి కలవడం, అంతవరకే మిగిలింది. నాన్నతో మాత్రం ఆమె నాకంటే ఎక్కువ మాట్లాడేదనుకుంటాను. కొత్తగా ఏ మూతో, గరిటో చేస్తే తెచ్చి చూపించి వెళ్లేదట. అమ్మ చెప్పేది.

ఒక చలికాలం ఉదయం నాన్న పోయారు. గుండె ఆగిపోయింది. ఫోన్లు చేయడం, డాక్టరు, అద్దాల పెట్టె, గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి దారి చెప్పడం, అన్నీ నేనే చూసుకున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చేసరికి ఆమె అప్పటికే అక్కడుంది. పని బట్టల్లోనే వచ్చింది. చేతులకి నూనె మరకలు. నాన్న తల దగ్గర చాప మీద కూర్చుని, ఎవరున్నారో ఎవరు లేరో పట్టించుకోకుండా బావురుమని ఏడుస్తోంది. "అంకుల్, ఎట్ల పోతిరి అంకుల్," అంటోంది. మా ఇంట్లో ఎవరం అలా ఏడవలేదు. గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఆ ఏడుపు కూడా ఆమెకే వచ్చింది.

అప్పుడే ఊరి నుంచి వచ్చిన నాన్న పిన్ని, నన్ను చిన్నప్పుడెప్పుడో చూసిన ముసలావిడ, వెళ్లి ఆమె పక్కన కూలబడింది. ఆమె వీపు నిమురుతూ, "ఊరుకో తల్లీ, ఊరుకో. మావాడి కూతురివి నువ్వేనా?" అంది.

హాల్లో అందరూ విన్నారు.

ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది. "నేను కాదమ్మా. బిడ్డ ఆమె," అని నా వైపు చూపించింది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, అందరి మధ్య నుంచి తీసుకెళ్లి, తను కూర్చున్న చోటే నన్ను కూర్చోబెట్టింది. చాప ఇంకా వెచ్చగా ఉంది. నాన్న తల దగ్గర ఆ చోటు కూడా ఆమె లేచి ఇస్తేనే నాకు దొరికిందన్న సంగతి ఆ క్షణంలో కూడా నాకు గుచ్చుకుంది. అలా గుచ్చుకోగానే ఏడుపొచ్చింది. ఉదయం నుంచి రానిదంతా ఒక్కసారిగా వచ్చింది.

ఆమె వెళ్లి వెనక గోడ దగ్గర నిలబడింది. ఏడుస్తూనే నేను కొంచెం పక్కకి జరిగి, తిరిగి ఆమె వంక చూశాను. వచ్చి కూర్చుంది.